చెంచాలు ఎటు పోయాయి?



ఆఫీసులో టీ చెంచాలు మాయమవడం అందరికీ తెలిసిన సంగతే. డజను కొని పెడితే నెల తిరిగేసరికి మూడో నాలుగో మిగులుతాయి. విసుక్కుంటాం, మళ్లీ కొంటాం, మర్చిపోతాం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో బర్నెట్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిశోధకులు మాత్రం ఈ సంగతిని అలా వదిలిపెట్టలేదు. అంటువ్యాధుల లెక్కలు తీయడం వాళ్ల వృత్తి. 70 చెంచాలకు ఎవరి కంటా పడకుండా నంబర్లు వేశారు. సంస్థలోని టీ గదుల్లో పెట్టారు. వారం వారం వెళ్లి ఏవి ఉన్నాయో, ఏవి పోయాయో లెక్క రాసుకున్నారు. 5 నెలలు గడిచేసరికి 70లో 56 పోయాయి. అంటే నూటికి 80.

ఈ లెక్కతో వాళ్లు రాసిన వ్యాసం 2005 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే, ‘మాయమవుతున్న టీ చెంచాల కేసు: ఒక ఆస్ట్రేలియా పరిశోధన సంస్థలో టీ చెంచాల స్థానభ్రంశంపై దీర్ఘకాలిక కోహోర్ట్ అధ్యయనం’. మొదటి సగం డిటెక్టివ్ నవల, రెండో సగం వైద్య కళాశాల పాఠం. పరిశోధన వ్యాసాలకు పెట్టిన పేర్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ఎందుకో చెబుతాను.

కోహోర్ట్ అధ్యయనం అంటే ఒక గుంపును ఎంచుకుని, కాలం వెంట వాళ్లను గమనిస్తూ, ఎవరికి ఎప్పుడు ఏమైందో రాసుకుంటూ పోవడం. పొగ తాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని గట్టిపరచడానికి బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అక్కడి డాక్టర్లనే 1951 నుంచి ఏళ్ల తరబడి గమనించారు. ఆ పద్ధతి ఇదే. చెంచాల వాళ్లు అదే పద్ధతిని, అంతే నిష్ఠగా, ఒక్క మెట్టు కూడా దాటవేయకుండా పాటించారు. సగం చెంచాలు పోవడానికి 81 రోజులు పట్టిందని తేల్చారు. అందరూ వాడుకునే టీ గదుల్లో అయితే 42 రోజులే. ఏదో ఒక విభాగానికి చెందిన గదుల్లో 77 రోజులు. ఖరీదైన చెంచా అయినా, చవక చెంచా అయినా పోవడంలో తేడా లేదు. సంస్థలో ఎప్పుడూ 70 చెంచాలు ఉండాలంటే ఏడాదికి సుమారు 250 కొనాలని అంచనా కట్టారు. అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోతుందనే ఆర్థిక శాస్త్ర సూత్రాన్ని ఇక్కడికి తెచ్చి చర్చించారు. ఊరి చెరువుకూ పశువుల మేత బీడుకూ వర్తించే సూత్రమే అది. వైద్య విద్యార్థికి కోహోర్ట్ అధ్యయనం గురించి చెప్పాలంటే ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. నవ్వుకుంటూ చదువుతాడు, జన్మలో మర్చిపోడు.

ఆ పత్రికకు ఇదొక సంప్రదాయం. ఏటా క్రిస్మస్ సంచికలో ఇలాంటి వ్యాసాలు వేస్తారు. విషయం సరదాది, పద్ధతి నికార్సయినది. 2003లో అక్కడే ఇంకో వ్యాసం వచ్చింది. విమానంలోంచి దూకేవాడికి పారాచూట్ వల్ల ప్రాణం నిలుస్తుందని యాదృచ్ఛిక పరీక్షల ద్వారా, అంటే చీటీలు వేసినట్టు కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా పోల్చి చూసే పద్ధతిలో, ఎవరైనా నిరూపించారా అని వెతికారు. పేరులో ‘గురుత్వాకర్షణ సవాలు’ అనే మాట వాడారు. అలాంటి పరీక్ష ఒక్కటీ దొరకలేదని రాశారు. అలాంటి పరీక్ష లేనిదే దేనినీ నమ్మకూడదని పట్టుబట్టే వైద్యులకు వేసిన ప్రశ్న అది. 2018లో అమెరికా పరిశోధకులు కొందరు ఆ పరీక్ష నిజంగానే చేశారు. 23 మంది విమానంలోంచి దూకారు. కొందరికి పారాచూట్ ఇచ్చారు, కొందరికి ఖాళీ సంచి తగిలించారు. రెండు గుంపుల మధ్య తేడా ఏమీ కనబడలేదు. కారణం వ్యాసం లోపల ఉంది. విమానం నేల మీద నిలబడి ఉంది. దూకిన ఎత్తు సగటున 0.6 మీటరు. సారాంశంలోని ఫలితం ఒక్కటే చూసి వైద్యం చేసేవాళ్లకూ, వార్త రాసేవాళ్లకూ ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. లోపలి వివరం చదవకపోతే, పారాచూట్ పనికిరాదని కూడా నమ్మేస్తాం.

ఇవన్నీ పండగ సంచిక కోసం రాసినవి. ఒక శాస్త్రం దారినే మళ్లించిన వ్యాసాలకు కూడా ఇలాంటి వింత పేర్లు ఉన్నాయి. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త ‘నిమ్మకాయల బజారు’ అని ఒక వ్యాసం ప్రచురించాడు. అమెరికాలో పనికిమాలిన డొక్కు కారును నిమ్మకాయ అంటారు. పాత కార్ల బజారులో అమ్మేవాడికి తన కారు సంగతి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు మంచి కారుకు ఇవ్వాల్సిన ధర ఇవ్వడు, నడిమి ధర చెబుతాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తోలుకుపోతాడు. మిగిలేవి డొక్కులు. అది తెలిసి కొనేవాడు ధర ఇంకా తగ్గిస్తాడు. చివరికి బజారే మూతపడొచ్చు. చెప్పింది ఇంతే. ఇందులో కొత్తేముంది, అల్పమైన సంగతి కదా అని రెండు పత్రికలు తిప్పికొట్టాయి. ఇదే నిజమైతే ఆర్థిక శాస్త్రం వేరేలా ఉండేదని మూడో పత్రిక తిప్పికొట్టింది. నాలుగో పత్రిక వేసుకుంది. 2001లో ఆ ఆలోచనకే అకెర్లాఫ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథలో మన దేశానికీ భాగం ఉంది. మొదటి పత్రిక నుంచి తిరస్కారం వచ్చిన రోజుల్లో అకెర్లాఫ్ ఢిల్లీలో ఉన్నాడు. 1967-68 విద్యా సంవత్సరం మన దేశంలోనే గడిపాడు. అచ్చయిన వ్యాసంలో మన పల్లెటూరి వడ్డీ వ్యాపారి కనిపిస్తాడు. బజారు బియ్యంలో కావాలని కలిపిన, బియ్యం రంగే ఉండే రాళ్లను ఓపికగా ఏరుకునే మన ఇల్లాలు కనిపిస్తుంది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరిన ప్రతి తెలుగు ఇంటికీ ఆ సిద్ధాంతం ముందే తెలుసు. దానికి రూపం ఇచ్చి, మర్చిపోలేని పేరు పెట్టినవాడు అకెర్లాఫ్.

ఇలాంటిదే ఇంకొకటి. 1966లో మార్క్ కాట్స్ అనే గణిత శాస్త్రజ్ఞుడు తన వ్యాసానికి పేరుగా ఒక ప్రశ్న పెట్టాడు: డోలు ఆకారాన్ని చెవితో వినగలమా? కళ్లు మూసుకుని డోలు మోత వింటే, అందులోని స్వరాలన్నీ లెక్కగా పట్టుకోగలిగితే, దాని మూత గుండ్రమో పలకో చెప్పగలమా అని. తవిల్, మృదంగం వినే చెవులకు ఈ ప్రశ్న ఎంత సొంతంగా వినిపిస్తుందో చూడండి. నిజానికి చర్మ వాద్యాల స్వరాల మీద మన దేశంలో అంతకుముందే గొప్ప పని జరిగింది. మామూలు డోలు మోతలో స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం, తబలా మూత మధ్యలో వేసే నల్లటి ముద్ద వల్ల అవి శ్రుతిలోకి వస్తాయని సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో రాశాడు. కాట్స్ ప్రశ్నకు జవాబు రావడానికి 26 ఏళ్లు పట్టింది. 1992లో కరోలిన్ గోర్డన్, డేవిడ్ వెబ్, స్కాట్ వోల్పెర్ట్ అనే ముగ్గురు, ఆకారం వేరైనా మోత అచ్చంగా ఒకటే అయ్యే రెండు డోళ్లను గీసి చూపించారు. వాళ్ల వ్యాసం పేరే జవాబు: డోలు ఆకారాన్ని వినలేం. ఆ ప్రశ్నను గణిత పరిభాషలో అడిగి ఉంటే ఆ రంగంలోని కొద్దిమందికే తెలిసేది. అడిగిన తీరు వల్ల తరతరాల విద్యార్థులు దాని వెంట పడ్డారు.

ఇంతవరకూ చెప్పినవి రాసినవాళ్లు కావాలని పెట్టుకున్న పేర్లు. రాసినవాళ్లకు మామూలు మాటే అయినా, బయటివాళ్లకు విడ్డూరంగా వినిపించే పేర్లు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో 1978 నుంచి ఆ ఏటి పుస్తకాల్లో అతి విచిత్రమైన పేరుకు డయాగ్రామ్ ప్రైజ్ అని ఒక బహుమతి ఇస్తున్నారు. మొట్టమొదటి బహుమతి ‘నగ్న ఎలుకల మీద రెండో అంతర్జాతీయ కార్యశాల’ నివేదికకు దక్కింది. నగ్న ఎలుకలంటే పుట్టుకతో బొచ్చు లేని, రోగనిరోధక శక్తి కొరవడిన ఎలుకలు. వేరే శరీరపు కణాలను అవి తిప్పికొట్టలేవు. అందుకే మనిషి క్యాన్సర్ గడ్డను వాటిలో పెంచి మందులు పరీక్షించవచ్చు. క్యాన్సర్ పరిశోధనకు ఆ బొచ్చు లేని ఎలుకలు చేసిన సేవ చాలా పెద్దది. 2009 సంవత్సరపు బహుమతి దైనా తైమినా రాసిన ‘హైపర్బోలిక్ తలాలతో క్రోషియా సాహసాలు’ అనే పుస్తకానికి వచ్చింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఆమె, కాగితంతో చేస్తే చిరిగిపోతున్న ఒక జామెట్రీ నమూనాను 1997లో క్రోషియా సూదితో ఊలుతో అల్లింది. వరుస వరుసకూ కుట్లు ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే అంచు కుచ్చిళ్లుగా ముడుచుకుంటుంది. సమాంతర రేఖల గురించి యూక్లిడ్ చెప్పిన నియమం ఆ తలం మీద చెల్లదు. ఆ సంగతి విద్యార్థి చేతికే అందుతుంది. పేరు చూసి నవ్వుకున్న ఆ పుస్తకానికే 2012లో గణిత గ్రంథాలకిచ్చే ఆయిలర్ బహుమతి కూడా వచ్చింది.

పేరు చూసి నవ్వడం తప్పు కాదు. నవ్వి, తలుపు మూసేయడం దగ్గరే ప్రమాదం ఉంది. అమెరికా సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1975లో ‘గోల్డెన్ ఫ్లీస్’ అని ఒక ఎగతాళి బహుమతి మొదలుపెట్టాడు. ప్రజల డబ్బు దుబారా చేస్తున్న సంస్థల పేరు నెలనెలా ప్రకటించేవాడు. మొదటిది, మనుషులు ప్రేమలో ఎందుకు పడతారనే పరిశోధనకు 84,000 డాలర్లు ఇచ్చినందుకు. 1988 వరకు ఇది సాగింది. వాటిలో కొన్ని నిజంగా దుబారాయే కావచ్చు. కానీ శాస్త్ర పరిశోధనను ఒక్క ముక్కలో కుదించి పత్రికలకు విసిరితే అది ఎంత హాస్యాస్పదంగా కనిపిస్తుందో, ఆ పని చేసినవాడికి ఎంత నష్టం కలుగుతుందో ఆయన ఆలోచించలేదు. కోతులు కోపంలో పళ్లు ఎలా బిగిస్తాయో అధ్యయనం చేసిన రొనాల్డ్ హచిన్సన్ అనే శాస్త్రవేత్త ఆయన మీద పరువు నష్టం దావా వేశాడు. సుప్రీంకోర్టు 1979లో హచిన్సన్ దావాకు దారి తెరిచింది. సభలో మాట్లాడిన మాటకు ఉన్న రక్షణ పత్రికా ప్రకటనలకు ఉండదని తీర్పు చెప్పింది. చివరికి సెనేటర్ 10,000 డాలర్లు కట్టి, క్షమాపణ చెప్పి రాజీ చేసుకున్నాడు.

ఇప్పుడు ఒక ఈగ కథ చెబుతాను. ఇది కాస్త నిదానంగా వినండి. స్క్రూవార్మ్ అనే ఈగ పశువుల పుండ్ల మీద గుడ్లు పెడుతుంది. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు చాలు దానికి. పురుగులు పచ్చి మాంసాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతాయి. వైద్యం అందకపోతే పశువు చచ్చిపోతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల పశుపోషకులు దీనివల్ల తరతరాలుగా నష్టపోయారు. 1930లలో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ ఈ ఈగ సంసార జీవితాన్ని అధ్యయనం చేశారు. ప్రజల సొమ్ముతో ఈగల సంసారం మీద పరిశోధనా అని ఎవరికైనా నవ్వొస్తుంది. వాళ్లు గమనించింది ఒక్క సంగతి. ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జత కడుతుంది. ఆ ఒక్కసారి జత కట్టిన మగ ఈగ సంతానం ఇవ్వలేనిదైతే? లక్షల కొద్దీ ఈగలను పెంచి, రేడియేషన్‌తో వాటిని గొడ్డు చేసి, వాటిని గాలిలోకి వదిలితే?

1954లో వెనిజువెలా తీరానికి దగ్గర్లోని కురసావ్ దీవిలో అదే చేశారు. కొద్ది నెలల్లో ఆ దీవిలో స్క్రూవార్మ్ లేకుండా పోయింది. తర్వాత ఫ్లోరిడా, తర్వాత అమెరికా దక్షిణ భాగమంతా, తర్వాత మెక్సికో, అక్కడి నుంచి పనామా దాకా దాన్ని తరిమారు. 1988లో ఆ ఈగ ఆఫ్రికాలోని లిబియాలో కనిపిస్తే, అక్కడికీ గొడ్డు ఈగలను విమానాల్లో పంపించి రూపుమాపారు. ఈ పోరాటంలో మందు చల్లడం మీద ఆధారపడలేదు. ఆ ఇద్దరికీ 1992లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ప్రాక్స్‌మైర్ ఎగతాళికి జవాబుగా 2012లో ‘గోల్డెన్ గూస్’ అనే బహుమతి మొదలైంది. వినడానికి వింతగా ఉండి ప్రపంచానికి మేలు చేసిన పరిశోధనలకు దాన్ని ఇస్తారు. 2016లో ఈ ఈగ పరిశోధనకు అది దక్కింది. కాపలా సడలితే ఏమవుతుందో కూడా ఇప్పుడు చూస్తున్నాం. 2024 నవంబరులో ఆ ఈగ మళ్లీ మెక్సికోలో కనబడింది.

మన దేశంలో జరిగిన పరిశోధనలు కూడా ఇలాంటి నవ్వులకు నోచుకున్నాయి. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2002లో గణితంలో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన కె.పి. శ్రీకుమార్, జి. నిర్మలన్‌లకు వచ్చింది. వాళ్ల వ్యాసం పేరు ‘భారతీయ ఏనుగుల మొత్తం ఉపరితల వైశాల్యం అంచనా’. ఏనుగు చర్మాన్ని కొలవడమేమిటని నవ్వు రావచ్చు. ఏనుగు ఎత్తు, ముందరి పాదం చుట్టుకొలత తెలిస్తే చాలు, వైశాల్యం అంచనా కట్టే సూత్రం అందులో ఉంది. ఒంట్లో వేడి ఎంత బయటికి పోతుందనేది చర్మ వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. మందు మోతాదు లెక్కకూ ఆ కొలత అక్కరకొస్తుంది. ఏనుగులతో బతుకు ముడిపడిన కేరళలో ఆ లెక్క వేయకపోతే ఇంకెక్కడ వేస్తారు?

మరి చమత్కారమైన పేరు వల్ల వ్యాసానికి మేలేనా? దీన్నీ పరిశోధించారు. ఇజ్రాయెల్ పరిశోధకులు ఇద్దరు రెండు ప్రముఖ మనస్తత్వ శాస్త్ర పత్రికల్లో పదేళ్ల వ్యాసాల పేర్లు తీసుకుని 2008లో లెక్క తేల్చారు. బాగా నవ్వించే పేర్లున్న వ్యాసాలను ఇతరులు తక్కువగా ఉదహరించారని తేలింది. 2022లో కెనడాకు చెందిన స్టీఫెన్ హర్డ్ బృందం జీవావరణ శాస్త్రంలో రెండు వేలకు పైగా వ్యాసాలను చూసింది. శాస్త్రవేత్తలు తమ చిన్న పనులకే సరదా పేర్లు ఎక్కువగా పెడతారనీ, ఆ తేడాను లెక్కలోకి తీసుకుంటే సరదా పేరు మేలే చేస్తుందనీ వాళ్లు తేల్చారు. నా అభిప్రాయం చెబుతాను. సినిమా పేరునో పాట పల్లవినో తెచ్చి అతికించిన పేరు ఆ సినిమా చూసినవాళ్లకే అర్థమవుతుంది. వేరే దేశపు విద్యార్థికి అది అడ్డుగోడ. స్వీడన్‌లో కొందరు శాస్త్రవేత్తలు బాబ్ డిలాన్ పాటల మాటల్ని తమ వ్యాసాల పేర్లలో ఎవరు ఎక్కువ ఇరికిస్తారో చూద్దామని పందెం కట్టుకున్నారు. స్నేహితుల మధ్య అది ముచ్చటే, పాఠకుడికి ఒరిగేది తక్కువ. డోలు ప్రశ్నలోనూ చెంచాల కేసులోనూ పేరే విషయాన్ని చెబుతుంది. అక్కడ పేరు లోపలికి పిలుస్తుంది.

పేరు సాదాగా ఉంటే తప్పని కూడా నేననను. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రాసిన వ్యాసం పేరు ‘రంగు ద్వారా భాస్వరం నిర్ధారణ’. అందులో చమత్కారం లేదు. ఏం చేశారో అదే చెప్పారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన వ్యాసాల్లో అదొకటి. ప్రయోగశాలలో భాస్వరం కొలవాల్సినవాడు ఆ పేరు చూడగానే చేయి చాపుతాడు. పేరు చేయాల్సిన పని అది చేసింది.

నాకు బాధ కలిగించేవి ఏ పనీ చేయని పేర్లు. మన తెలుగు విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల వరుస చూడండి. ఫలానా రచయిత నవలలు, ఒక పరిశీలన. ఫలానా కవి కావ్యాలు, సమగ్ర అనుశీలన. లోపల ఏళ్ల శ్రమ ఉంటుంది. ఊరూరా తిరిగి సేకరించిన పాటలు, తాళపత్రాలు, ముసలివాళ్ల నోట విన్న కథలు ఉంటాయి. పరిశోధకుడు కనుక్కున్న కొత్త సంగతి ఏదో ఉంటుంది. పేరు మాత్రం పక్క గ్రంథం పేరుకు జోడు. రచయిత పేరు తీసేస్తే ఏది ఎవరిదో తెలియదు. గ్రంథాలయంలో వాటిని తెరిచేవాళ్లు లేకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ ఇదొక కారణం.

అందుకే పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. మీ గ్రంథానికి పేరు పెట్టేముందు, మీరు ఏ ప్రశ్నతో ఈ పని మొదలుపెట్టారో మీ అమ్మకో తమ్ముడికో మామూలు మాటల్లో చెప్పండి. వాళ్లు ‘అవునా, మరి ఏం తేలింది?’ అని అడిగితే, ఆ ప్రశ్ననే పేరుగా పెట్టండి. మీ పర్యవేక్షకులు ఒప్పుకోకపోతే కనీసం ఉపశీర్షికగానైనా ఉంచండి. శ్రోతలకూ ఒక మాట. ఏనుగు చర్మం కొలిచారనో, ఈగల సంసారం చూశారనో పత్రికలో చదివితే హాయిగా నవ్వండి. నవ్వాక రెండో పేరా కూడా చదవండి. పరిశోధనకు డబ్బు పెట్టేది మీరే. లోపల ఏముందో తెలుసుకునే హక్కు మీది.